బడిపిల్లవాడైన డిటెక్టివ్ ఎవరిని ప్రశ్నిస్తాడు?

అమెరికాలోని ఐడావిల్ అనే ఒక కల్పిత పట్టణంలో, ఒక ఇంటి గ్యారేజీ ముందు చిన్న బోర్డు ఉంటుంది. బ్రౌన్ డిటెక్టివ్ ఏజెన్సీ అని దాని పేరు. ఫీజు రోజుకు 25 సెంట్లు, ఖర్చులు అదనం. ఎంత చిన్న కేసైనా తీసుకుంటామని కూడా ఆ బోర్డు మీద రాసి ఉంటుంది. ఏజెన్సీ అధిపతి లీరాయ్ బ్రౌన్‌కు పదేళ్లు. చదివిందల్లా గుర్తుపెట్టుకుంటాడు గనుక ఊరంతా అతణ్ణి ఎన్‌సైక్లోపీడియా అని పిలుస్తుంది. అమెరికన్ రచయిత డోనాల్డ్ జె. సోబొల్ తన పిల్లల కథల కోసం ఈ పిల్లవాణ్ణి 1963లో సృష్టించాడు. లీరాయ్ తండ్రి ఆ ఊరి పోలీసు అధిపతి. రాత్రి భోజనాల వేళ ఆయన తేలని కేసు గురించి చెబుతాడు, కొడుకు కళ్లు మూసుకుని వింటాడు, ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాడు, చిక్కుముడి విడిపోతుంది. తన కేసులు ఇలా తేలుతున్నాయని ఆ తండ్రి బయట ఎవరికీ చెప్పడు. చెప్పినా నమ్మేవారు ఎవరుంటారని ఆయన ఆలోచన.

ఈ కథలన్నింటిలోనూ నాకు కీలకంగా కనిపించేది ఆ చివరి విషయమే. పదేళ్ల పిల్లవాడు నిజం కనిపెట్టగలడని రచయిత చెబుతున్నాడు, ఆ నిజాన్ని పెద్దలు అతని నోటి నుంచి స్వీకరించరని కూడా అదే ఊపులో చెబుతున్నాడు. పిల్లల డిటెక్టివ్ కథలను కాలక్షేపం బఠాణీలుగా, పరీక్షలయ్యాక చదువుకోవలసిన వాటిగా మన ఇళ్లలో, బడుల్లో పక్కన పెడతారు. నేను ఆ అభిప్రాయాన్ని అంగీకరించను. పెద్దల లోకంలో తన మాటకు విలువ లేని పిల్లవాడు, తన మాటను నమ్మమని అడిగే అవకాశమే లేని పిల్లవాడు, ఒక వస్తువును తెచ్చి అందరి ముందూ పెట్టి దాని చేత నిజం చెప్పించడం ఈ కథల అసలు సారం. న్యాయం గురించి బడి వయసులో నేర్చుకోవలసిన వాటిలో ఇంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉందని నేను అనుకోను.

ఖమ్మం జిల్లాలోని ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో నేను సాంఘిక శాస్త్రం బోధిస్తాను. లైబ్రరీ పీరియడ్‌లో సోబొల్ కథలను పిల్లలకు తెలుగులో చెబుతుంటాను. ఆయన కథ నడిపే తీరు తరగతికి ప్రత్యేకంగా సరిపోతుంది: ఆధారాలన్నీ పాఠకుడి ముందు పరిచి, లీరాయ్‌కు సమాధానం తెలిసిన చోట కథ ఆపేసి, అతనికి ఎలా తెలిసిందని అడుగుతాడు, జవాబు పుస్తకం చివర ఎక్కడో ఉంటుంది. మన బేతాళ కథలు కూడా ప్రశ్న దగ్గరే ఆగుతాయి, చందమామ చదివిన తరాలకు ఆ ఆగడంలోని రుచి తెలుసు. అయితే బేతాళుడు అడిగేది ఎవరి త్యాగం గొప్పది, ఎవరిది ధర్మం అని. విక్రమార్కుడి జవాబు మనకు నచ్చుతుంది లేదా నచ్చదు, సరిచూసుకోవడం మాత్రం కుదరదు. సోబొల్ అడిగేది సరిచూసుకోగలిగిన ప్రశ్న.

వాటిలో ఒక కథ ఇలా ఉంటుంది. ఒక దుకాణంలో దొంగతనం జరుగుతుంది. అనుమానం ఒకతని మీద పడుతుంది. తాను ఊళ్లోనే లేనని, చాలా దూరం నుంచి కారు నడుపుకుంటూ ఇప్పుడే దిగానని అతను చెబుతాడు. ఈ మాటలు సాగుతుండగా అతని మేనల్లుడు, ఇంకా సరిగా నడక రాని పసివాడు, ఉత్తికాళ్లతో ఆ కారు బానెట్ మీద కేరింతలు కొడుతూ తిరుగుతుంటాడు. కథ అక్కడ ఆగుతుంది. ఆరో తరగతికి దీన్ని చెప్పినప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి లేచి, "సార్, చలికాలం మా వీధిలో కారు ఆగంగనే పిల్లి పోయి బానెట్ మీద పండుకుంటది, వెచ్చగ ఉంటదని" అంది. వెంటనే వెనక బెంచీ నుంచి ఒక అబ్బాయి, "మా నాన్న ట్రాక్టర్ ఆపినాక బానెట్ మీద చెయ్యి పెట్టనియ్యడు సార్, కాలుతదంటడు" అన్నాడు. జవాబు దొరికింది. అంత దూరం నడిచిన కారైతే ఆ పసివాడి కాళ్లు కాలిపోయి ఉండేవి. వాడు నవ్వుతున్నాడంటే ఇంజన్ చల్లగా ఉంది.

అమెరికన్ రచయిత అరవై ఏళ్ల కిందట పెట్టిన ఆధారాన్ని మా పిల్లలు పిల్లితోనూ ట్రాక్టర్‌తోనూ విప్పుకున్నారు. అంతకంటే నాకు సంతోషం కలిగించింది ఆ తరువాత వచ్చిన ప్రశ్న. ఎప్పుడూ పెద్దగా మాట్లాడని ఒక అమ్మాయి, "కారు నడపలేదని తేలింది సార్. దొంగతనం చేసిండని ఎట్ల తేలింది?" అని అడిగింది. ఆ ప్రశ్న సోబొల్ కథలన్నింటికీ వర్తిస్తుంది. ఆయన దొంగలు ఒక అబద్ధం బయటపడగానే నేరం ఒప్పేసుకుంటారు. మనిషి అబద్ధమాడాడని రుజువు కావడం వేరు, నేరం చేశాడని రుజువు కావడం వేరు. భార్యకు తెలియకుండా ఎక్కడికో వెళ్లినవాడు, చేసిన అప్పు దాచుకునేవాడు, పోలీసంటేనే వణికేవాడు కూడా తాను ఎక్కడున్నాడో అబద్ధం చెప్పవచ్చు. ఆ అమ్మాయి వయసు పదకొండేళ్లు. ఆమె పట్టుకున్న తేడాను పట్టించుకోని పెద్దలు మన చుట్టూ కోకొల్లలు.

ఈ తేడాను నాకు తెలిసినంతలో అత్యంత స్పష్టంగా చూపించిన పిల్లల కథ 1929లో బెర్లిన్‌లో అచ్చయింది. ఎరిక్ కెస్ట్నర్ రాసిన ఆ నవలలో ఎమీల్ అనే పిల్లవాడు నాయ్‌స్టాట్ అనే చిన్న ఊరి నుంచి బెర్లిన్‌లోని అమ్మమ్మ దగ్గరికి రైల్లో బయలుదేరతాడు. తండ్రి లేడు. తల్లి ఇంట్లోనే ఆడవాళ్ల జుట్టు కడిగి, దువ్వి, ఆ డబ్బుతో కొడుకును సాకుతుంటుంది. ఆమె కూడబెట్టి కొడుకు చేతికిచ్చినవి 140 మార్కులు: ఒక వంద నోటు, రెండు ఇరవై నోట్లు. అందులో 120 అమ్మమ్మకు, మిగిలినవి అతని ఖర్చులకు. పోతుందేమోనన్న భయంతో ఎమీల్ ఆ నోట్లున్న కవరును ఒక గుండుసూదితో కోటు లోపలి జేబుకు గుచ్చుకుంటాడు. రైలు పెట్టెలో ఎదురుగా, టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకడు కూర్చుంటాడు. ఎమీల్ కునుకు తీసి లేచేసరికి మనిషీ లేడు, డబ్బూ లేదు.

పిల్లవాడు వెంటనే పోలీసుల దగ్గరికి వెళ్లవచ్చు కదా అని పెద్దలకు అనిపిస్తుంది. వెళ్లకపోవడానికి కెస్ట్నర్ చెప్పిన కారణం చాలా నిజమైనది. ఎమీల్ తన ఊళ్లో ఒక రాజుగారి విగ్రహానికి ఎర్ర ముక్కు, నల్ల మీసాలు దిద్దాడు. పోలీసుకు ఆ సంగతి తెలిస్తే తననే జైల్లో పెడతాడని అతని భయం. పైగా ఒక పక్క టోపీ పెట్టుకున్న పెద్దమనిషి, మరో పక్క ఒంటరి పిల్లవాడు నిలబడితే ఎవరి మాట చెల్లుతుందో ఎమీల్‌కు తెలుసు. అందుకే అతను బెర్లిన్ వీధి పిల్లలతో కలిసి దొంగను వెంటాడతాడు. ఒకడు కారు హారన్ మోగిస్తూ జట్టును పోగుచేస్తాడు. ఒకడు పథకాలు వేస్తాడు. అందరికంటే చిన్నవాడు ఇంట్లో టెలిఫోన్ దగ్గర కూర్చుని వచ్చిన కబుర్లు అందుకుంటాడు, వీధిలో జరుగుతున్న వేడుకంతా కళ్లారా చూడాలని ఎంత ఉన్నా కదలడు. నాకు ఆ నవలలో అందరికన్నా ఇష్టమైనవాడు అతనే.

చివరికి దొంగ బ్యాంకులో ఆ నోట్లు మార్చుకోబోతుండగా పిల్లలు చుట్టుముడతారు. రైల్లో చెప్పిన పేరు ఒకటి, ఇప్పుడు చెబుతున్న పేరు మరొకటి. అతను అబద్ధాలకోరని అక్కడే తేలిపోయింది. కాని డబ్బు ఎమీల్‌దని అంతటితో తేలదు. అప్పుడు పిల్లవాడికి గుండుసూది గుర్తుకొస్తుంది. నోట్లను వెలుతురుకెత్తి చూస్తే ప్రతి నోటులోనూ సూది చేసిన చిల్లులు కనిపిస్తాయి. ఇక వాదన లేదు. పిల్లవాడి వయసు, పెద్దమనిషి టోపీ, ఎవరి ఊరు ఏది అనేవి ఆ చిల్లుల ముందు పనికిరాకుండా పోతాయి. ఆ దొంగ అంతకుముందే ఒక బ్యాంకు దోపిడీలో పోలీసులు వెతుకుతున్నవాడని తేలి, ఎమీల్‌కు వెయ్యి మార్కుల బహుమతి వస్తుంది. దీనంతటి నుంచి ఏం నేర్చుకున్నారని అందరూ తలా ఒక మాట చెబుతుంటే అమ్మమ్మ అవన్నీ కొట్టిపారేసి, డబ్బు పంపాలంటే మనియార్డరు చేయాలి అంటుంది. మనియార్డర్లు తెలిసిన తరంవాణ్ణి గనుక ఆ ముసలమ్మ మాట నాకు మరీ దగ్గరగా వినిపిస్తుంది.

ఆ నవల వచ్చిన నాలుగేళ్లకు, 1933 మే 10న, బెర్లిన్ ఒపేరా కూడలిలో నాజీలు పుస్తకాలు తగలబెట్టినప్పుడు కెస్ట్నర్ పుస్తకాలు కూడా ఆ మంటల్లో పడ్డాయి. జనంలో నిలబడి ఆయనే దాన్ని కళ్లారా చూశాడు. మనిషి ఏం చేశాడని అడగకుండా ఏ జాతివాడని అడిగి శిక్ష వేసే ప్రభుత్వం ఆ దేశంలో గద్దెనెక్కింది. నోటులోని చిల్లును చూపించి న్యాయం అడగడం ఎంత పెద్ద హక్కో ఆ చరిత్ర పక్కన పెట్టి చదివితే తెలుస్తుంది.

కెస్ట్నర్ కంటే ముందు డిటెక్టివ్ కథల్లో పిల్లలు లేకపోలేదు. 1887లో మొదటిసారి కనిపించిన షెర్లాక్ హోమ్స్ దగ్గర లండన్ వీధి పిల్లల దండు ఒకటి ఉంది. రోజుకు ఒక షిల్లింగు ఇచ్చి ఆయన వాళ్లను ఊరంతా తిప్పుతాడు. కాళ్లు వాళ్లవి, ఆలోచన ఆయనది. పిల్లవాడి బుర్రకే కేసును అప్పగించడానికి పాశ్చాత్య సాహిత్యానికి ఇంకొంత కాలం పట్టింది.

మన దేశంలో ఆ పని చాలా శతాబ్దాల కిందటే జరిగిందన్న సంగతి మన పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. బుద్ధుడి పూర్వజన్మల గురించి చెప్పే పాలీ జాతక కథల్లో 546వది మహోసధ పండితుడి కథ. మిథిలకు తూర్పున ఉన్న ఒక పల్లెలో అతని నివాసం, అప్పటికి అతని వయసు ఏడేళ్లు. వానకు ఆట పాడవుతోందని తోటి పిల్లల దగ్గర చందాలు వసూలు చేసి ఒక శాల కట్టిస్తాడు. తగవులు తీర్చడానికి అందులోనే ఒక చోటు పెడతాడు. ఒక రోజు ఆ శాల ముందు నుంచి ఇద్దరు మనుషులు ఒక ఎద్దు కోసం పెనుగులాడుకుంటూ వెళుతుంటారు. ఒకడు దాన్ని కొన్నవాడు, మేతకు తోలుకెళ్లి అలసిపోయి కునుకు తీశాడు. ఇంకొకడు ఆ సందులో దాన్ని తోలుకుపోయినవాడు. ఎద్దు నాదంటే నాదని ఇద్దరూ అంటారు. నా తీర్పుకు కట్టుబడతారా అని ముందుగా ఇద్దరి చేతా ఒప్పించుకుని, ఎద్దుకు ఏం పెట్టావని మహోసధుడు ఒక్కొక్కరినే అడుగుతాడు. గంజి తాగించాను, నువ్వుల పిండి, మినుములు పెట్టాను అని దొంగ చెబుతాడు. పేదవాణ్ణి, గంజి నాకెక్కడిది, గడ్డే మేపాను అని రెండోవాడు చెబుతాడు. పిల్లవాడు ఆకులు తెప్పించి, రోట్లో దంపించి, నీళ్లలో కలిపి ఎద్దుకు పట్టిస్తాడు. ఎద్దు కక్కుకుంటుంది. బయటపడింది గడ్డి.

దారం ఉండ కథ నాకు ఇంకా ఇష్టం. పత్తి చేనుకు కాపలా ఉండే ఒకామె ఆ పత్తితోనే సన్నని దారం వడికి ఉండ చుట్టుకుంటుంది. చెరువులో స్నానానికి దిగుతూ దాన్ని బట్టల మీద పెడితే ఇంకొకామె ఎత్తుకుపోతుంది. ఉండ చుట్టేటప్పుడు లోపల ఏం పెట్టావని మహోసధుడు ఇద్దరినీ అడుగుతాడు. పత్తి గింజ అంటుంది దొంగ. దారం అంటే అంతకంటే తోచే జవాబు ఏముంది! తుమికి గింజ అంటుంది రెండో ఆమె. విప్పి చూస్తే తుమికి గింజే ఉంటుంది. చేసిన చేతికి మాత్రమే తెలిసే రహస్యం ఆ వస్తువు కడుపులోనే ఉంది, గుండుసూది చిల్లు నోటులో ఉన్నట్టే.

ఈ జాతకంలోనే ఒక బిడ్డ కోసం తల్లి, యక్షిణి తగవులాడుకునే ఘట్టం ఉంది. రెప్ప వాల్చని ఎర్రటి కళ్లను చూసి ఎవరు యక్షిణో మహోసధుడు ముందే గ్రహిస్తాడు. అయినా తీర్పు చెప్పేయడు. నేల మీద గీత గీయించి, బిడ్డను చెరో వైపు పట్టుకుని లాగమంటాడు. బిడ్డ ఏడుపు విని తల్లి చేతులు వదిలేస్తుంది. ముఖం చూసి తనకు తెలిసిపోయినా, చుట్టూ ఉన్న జనానికి తెలిసేలా రుజువు చేసిన తరువాతే అతను తీర్పు చెబుతాడు. ఏడేళ్ల పిల్లవాడికి కథకుడు ఆపాదించిన ఈ నిగ్రహం నన్ను ప్రతిసారీ ఆశ్చర్యపరుస్తుంది. ఇక రాజు కొలువులో ఏం జరుగుతుందంటే, ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ పిల్లవాణ్ణి పిలిపిద్దామా అని రాజు అడుగుతాడు, ఇంతమాత్రానికే పండితుడవుతాడా, ఆగండి మహారాజా అని పెద్ద పండితుడు సేనకుడు అడ్డుపడతాడు. తనకంటే తెలివైనవాడు వస్తున్నాడని అతని అసూయ. ఐడావిల్ పోలీసు అధిపతి మౌనానికీ సేనకుడి అసూయకూ చాలా తేడా ఉంది. కాని రెండు చోట్లా పిల్లవాడి మాట కొలువు దాకా చేరకుండా ఆగిపోయింది.

మన పల్లెల్లో చెప్పుకునే దొంగను పట్టే కథ ఇంకొకటి అందరికీ తెలుసు. అనుమానితులందరికీ సమానమైన పుల్లలిచ్చి, తెల్లవారేసరికి దొంగ దగ్గరున్న పుల్ల అంగుళం పెరుగుతుందని న్యాయాధికారి చెబుతాడు. దొంగ భయపడి రాత్రికి రాత్రే తన పుల్లను అంగుళం కత్తిరించి దొరికిపోతాడు. చమత్కారమైన కథే, చిన్నప్పుడు నేనూ ఆనందించాను. దీనిని తరగతిలో చెప్పడం నేను ఇప్పుడు మానేశాను. ఆ పుల్ల పట్టుకునేది భయాన్ని. లోకంలో భయపడేవాళ్లందరూ దొంగలు కారు. అన్నిటికీ తననే అంటారని అలవాటుపడిన పిల్లవాడు, ఏ తప్పూ చేయకపోయినా, ఎందుకైనా మంచిదని తన పుల్లను కత్తిరించుకోవచ్చు. నదురూ బెదురూ లేని దొంగ పుల్లను అలాగే తెచ్చి చూపించవచ్చు. ఎద్దు కడుపులోని గడ్డి ఇలా మోసపోయే వీలు లేదు.

ఇది నాకు కేవలం కథల మధ్య తూకం కాదు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక అబ్బాయి తెచ్చుకున్న పరీక్ష ఫీజు డబ్బు తరగతిలోనే పోయింది. ఉపాధ్యాయుడు ఎవరినీ ఏమీ అడగలేదు. డబ్బు చివరిసారి ఎప్పుడు చూశావు, సంచి ఎక్కడ పెట్టావు, ఇంటర్వెల్‌లో గదిలో ఎవరు ఉన్నారు అన్న ప్రశ్నలు ఆయనకు తట్టలేదు. హాస్టల్ నుంచి వచ్చే అబ్బాయిలను నిలబెట్టి వాళ్ల సంచులను మాత్రమే బల్ల మీద బోర్లించాడు. అందరి ముందూ బయటపడినవి చిరిగిన తువ్వాలు, అట్టలూడిన నోటు పుస్తకం, ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చడి సీసా. డబ్బు దొరకలేదు. ఆ పచ్చడి సీసా ఎవరిదో అతను మర్నాటి నుంచి మా బెంచీలో కూర్చోలేదు. నేరం జరిగినప్పుడు ఎవరు ఏం చేశారని వెతకకుండా, ఎలాంటివాళ్లు చేస్తారని వెతికే అలవాటు మనకు బడిలోనే అబ్బుతుంది. పెద్దయ్యాక అది పోదు, ఇంకా బలుస్తుంది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో పుకార్లు లేచినప్పుడు తెలంగాణతో సహా దేశంలో ఎన్నో చోట్ల జనం గుంపులుగా చేరి అమాయకులను కొట్టి చంపారు. కొత్త ముఖం కావడం, భాష రాకపోవడం, బట్టలు మాసి ఉండటం అక్కడ సాక్ష్యాలయ్యాయి.

పిల్లల డిటెక్టివ్ కథలకు నేను ఇంత బలంగా మద్దతు పలుకుతున్నాను గనుక వాటిలో నాకు నచ్చనిదేమిటో కూడా చెప్పాలి. సోబొల్ కథల్లో బగ్స్ మీనీ అనే అల్లరి కుర్రాడు ఒకడున్నాడు, ఒక ముఠాకు నాయకుడు. పక్క పిల్లలను మోసం చేసేవాడు చాలా కథల్లో అతనే. అతని పేరు కనిపించగానే దొంగ ఎవరో మా పిల్లలు చెప్పేస్తారు. ఆధారాన్ని నమ్మమని చెప్పే కథ, వీడైతే చేసే ఉంటాడనే అలవాటునూ పక్కనే పెంచి పోషిస్తోంది. నేను చెప్పేటప్పుడు ఆ పేరు మార్చేస్తాను. ఒకటి రెండు కథల్లో ఆ మోసగాడి పాత్రను అందరికీ ఇష్టమైన మంచి పిల్లవాడికి ఇచ్చి చూశాను, అప్పుడు తరగతి మొత్తం ముందుకు వంగి వింటుంది.

ఇలాంటి కథలు పిల్లలకు నిఘా పెట్టడం, చాడీలు చెప్పడం నేర్పుతాయన్న అభ్యంతరాన్ని తల్లిదండ్రుల నుంచి విన్నాను. అందులో కొంత నిజముంది, ఫోన్లు చేతికొచ్చాక మరీను. నా జవాబు ఒక్కటే. చాడీ చెప్పేవాడు తన మాట నమ్మమంటాడు, డిటెక్టివ్ మీరే చూసుకోమంటాడు. చూపించడానికి ఏమీ లేనప్పుడు నోరు మెదపకూడదన్నది ఈ ఆటలోని మొదటి నియమం. నా తరగతిలో దాన్ని ఖచ్చితంగా పాటిస్తాము.

అన్ని ఆధారాలూ బానెట్ లాగా సముద్రాలు దాటి రావు. సోబొల్ మొదటి పుస్తకంలోనే ఒక కత్తి కథ ఉంది. అమెరికా అంతర్యుద్ధ సేనాని జాక్సన్‌కు అతని సైనికులే బహూకరించినదని ఒక కత్తిని చూపించి, ఒక పిల్లవాడి సైకిలుకు మారకంగా ఇవ్వజూపుతారు. బుల్ రన్ మొదటి యుద్ధంలో చూపిన పరాక్రమానికి అని దాని మీద చెక్కి ఉంటుంది, తేదీ 1861 ఆగస్టు. రెండో బుల్ రన్ యుద్ధం జరిగింది 1862లో. రెండోది జరగకముందే మొదటిదాన్ని మొదటిది అని ఎవరూ అనరు గనుక కత్తి నకిలీ. ఇది మా పిల్లలకు తెలియడానికి వీలు లేదు. అయితే 1915లో చెక్కించిన ఒక శిలాఫలకం మీద రెండో ప్రపంచ యుద్ధానికి ముందుది అని ఉంటే ఏమంటారని అడిగాను. నవ్వులు మొదలైన తరువాత అసలు కత్తిని చూపించాను, క్షణంలో పట్టేశారు. ఆలోచన అంతటా ఒకటే, దానికి ఊతమిచ్చే వస్తువు మాత్రం ఆ ఊరిదై ఉండాలి.

అందుకే తెలుగులో రాసేవాళ్లను నేను అడుగుతున్నది అనువాదాలను కాదు. మన చుట్టూ సాక్ష్యం చెప్పగలిగిన వస్తువులు ఎన్ని లేవు! పచ్చి మామిడికాయ కోసినప్పుడు చిమ్మే సొన పెదవి పక్కన పుండు చేస్తుంది, తోటలోకి రాలేదని ఎంత బొంకినా అది కొన్నాళ్లదాకా మానదు. చొక్కా మీది పసుపు మరకకు సబ్బు రాస్తే ఎర్రబడుతుందని ఏడో తరగతి పిల్లలు సైన్సు పాఠంలో చేసి చూస్తారు. చాకలివాళ్లు బట్టలకు నల్లజీడితో పెట్టే గుర్తు ఎన్ని ఉతుకులకైనా చెరగదు, ఆ గుర్తు చదవగలిగినవాళ్లకు చొక్కా ఎవరిదో తెలిసిపోతుంది. ఇవన్నీ కథలో దించడానికి పోలీసు అధిపతి కొడుకు అక్కర్లేదు, పట్టణం అక్కర్లేదు, హత్య అసలే అక్కర్లేదు. మన దగ్గర పెద్దల డిటెక్టివ్ నవలలు అద్దె పుస్తకాల షాపుల్లో ఒక తరాన్ని ఊపేశాయి. అపరాధ పరిశోధన అంటే శవం, రివాల్వరు అనే అలవాటు మనకు అక్కడి నుంచే వచ్చింది. పోయిన జామెట్రీ బాక్సు మీద, మారిపోయిన చెప్పుల జత మీద, ఎవరు కోశారో తెలియని సొరకాయ మీద పది పేజీల కథ రాయడానికి మన రచయితలు ఇష్టపడరు. పిల్లవాడికి మాత్రం పోయిన జామెట్రీ బాక్సు చిన్న విషయమేమీ కాదు. ఇంట్లో రెండోది కొనివ్వరు.

రచయితలు వచ్చేదాకా ఆగకుండా పిల్లలనే రాయమంటున్నాను. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఈ మధ్య రాసిన కథలో, బడి తోటలో మొక్కలు పీకేసిందని ఒక అమ్మాయి మీద నింద పడుతుంది. ఆ సమయానికి తాను బస్సులో ఉన్నానని ఆమె సంచిలో నుంచి జీరో టికెట్ తీసి చూపిస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో చార్జీ లేకుండా ఇస్తున్న టికెట్ అది. తేదీ, సమయం, ఎక్కిన స్టేజీ దాని మీద అచ్చయి ఉంటాయి. నింద తొలగిపోతుంది, కథ అయిపోతుంది. తరగతిలో చదివినప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు ఒక అబ్బాయి చెయ్యెత్తి, "జీరో టికెట్ మీద పేరుండదు గద సార్. అది ఈమెదే అని ఎట్ల తెలుస్తది? వాళ్ల అక్క టికెట్ అయితే?" అన్నాడు. రాసిన అమ్మాయికి కోపం వచ్చింది. తన కథలో ఆ అమ్మాయికి అక్క లేదని వాదించింది. అక్క లేకపోతే పక్కింటామె ఉండవచ్చు కదా అని మిగతా పిల్లలు అన్నారు. టికెట్ వెనక ఆమె ఏదైనా రాసుకుని ఉంటే సరిపోతుందని ఒకరు, అది తరువాత కూడా రాయవచ్చని మరొకరు, కండక్టర్‌ను అడగాలని ఇంకొకరు అన్నారు. కండక్టర్‌కు అంతమంది ముఖాలు గుర్తుండవని వెనక బెంచీ నుంచి జవాబు వచ్చింది. గంట కొట్టేశారు. ఆమె కాగితాలు తిరిగి తీసుకుని, సోమవారానికి ఇంకో ఆధారం వెతికి తెస్తానని చెప్పి వెళ్లింది.